డాండీ కాల్ చచ్చిన మెట్టు

డాండీ కాల్ ప్రూయిట్‌ని చంపింది నేనే. పుట్టించిందీ నేనే. రెండు పనులూ ఒకే నిమిషంలో చేశాను, ఇరవై రెండేళ్ల కిందట, జులై నెలలో, పొద్దున్న పదిన్నర ప్రాంతంలో.

ఆ పూట నా వెనక పదకొండు మంది టెక్సాస్ వాళ్లున్నారు. కొండల మీదున్న మా ఊరు డొరిండాకి కింది మైదానాల నుంచి వచ్చినవాళ్లకి మొదటి రెండు రోజులూ తలనొప్పి, ఆయాసం, పెళ్లాం మీద చిరాకు. వెండి గనులు మూతపడ్డాక మా ఊరు బతుకుతున్నది అలాంటివాళ్ల మీదే. ఎండాకాలం వాళ్లు జీపుల్లో కొండలెక్కుతారు, చలికాలం గడ్డకట్టిన జలపాతాలెక్కుతారు, ఎక్కలేనివాళ్లు నా వెనక నడుస్తారు. నా పేరు వెండెల్ ట్రాస్క్. పద్నాలుగేళ్లు గనిలో రాయి కొట్టాను, ఆ తర్వాత రోజుకి రెండు పూటలా వీధుల్లో నడుస్తూ ఊరి చరిత్ర చెప్పుకొచ్చాను. రెండు పనుల్లోనూ దుమ్మే.

వెండి పరీక్షించే పాత ఆఫీసుకీ మెథడిస్టు చర్చికీ మధ్య రెండు వీధుల దూరం. ఆ రెండు వీధుల్లో నూట ముప్ఫై ఏళ్లుగా ఏమీ జరగలేదు. టెక్సాస్ వాళ్లలో ఒక పెద్దమనిషి గొడుగు కర్ర మీద వాలిపోయి, "ఇక్కడేం లేదా?" అన్నాడు. లేదని చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. ఎదురుగా నా స్నేహితుడు హాలిస్ ఇల్లుంది. ఇంటి ముందు నాలుగు చెక్క మెట్లు, రెండో మెట్టు మీద తొమ్మిది చిల్లులు.

"పద్దెనిమిది వందల తొంభై ఒకటి, అక్టోబరు. బ్యాంకు దొంగ డాండీ కాల్ ప్రూయిట్‌ని ఈ మెట్టు మీదే కాల్చేశారు. తొమ్మిది తూటాలూ ఒంట్లోంచి దూసుకుపోయి చెక్కలో దిగాయి" అన్నాను.

పదకొండు మందికీ తలనొప్పి ఎగిరిపోయింది. వరండాలో కాఫీ తాగుతున్న హాలిస్ నా వంక చూశాడు, చిల్లుల వంక చూశాడు, టెక్సాస్ వాళ్ల వంక చూశాడు. "వాన పడ్డప్పుడు ఇప్పటికీ కాస్త ఎర్రగా కనబడుతుందండీ" అన్నాడు. అలా ఇద్దరం ఇరుక్కున్నాం.

ఆ చిల్లులు అంతకు ముందు ఫిబ్రవరివి. ఆ రోజు నేనూ హాలిసూ పొద్దంతా మంచు జలపాతం మీద వేలాడి ఇంటికొచ్చాం. బూట్ల కింద కట్టుకునే ఇనుప ముళ్ల పట్టీలు గడ్డకట్టి ఊడలేదు. లోపల హాలిస్ భార్య మార్వా పచ్చిమిరపకాయల పులుసు కాస్తోంది. ఆ వాసనకి ఆగలేక ముళ్లతోనే మెట్లెక్కాను. వీపు మీద తాళ్లూ ఇనుమూ కలిపి నలభై పౌన్లు. రెండో మెట్టు మీద కాలు జారబోయి, మొత్తం బరువు కుడికాలి మీద పడింది. కింద పది ముళ్లుండాలి, మడమ దగ్గరొకటి విరిగిపోయింది కాబట్టి తొమ్మిది. మార్వా బయటికొచ్చి నన్ను తిట్టిన తిట్లు చరిత్రలోకి ఎక్కాల్సినవి. అవి ఎక్కలేదు. చిల్లులెక్కాయి.

ఆ తర్వాత సంగతి నా చేతుల్లో లేదు. పత్రికలో రాశారు. చొక్కాల దుకాణం డెల్బర్ట్ ఛాతీ మీద తొమ్మిది చిల్లులున్న చొక్కాలు అచ్చువేశాడు. నెబ్రాస్కా నుంచి ప్రూయిట్ అనే ఇంటిపేరున్న కుటుంబం ప్రతి జులైలో వచ్చి మెట్టు మీద పూలుపెట్టి కళ్లు తుడుచుకునేది. వాళ్లు ఎవరో నాకు ఇప్పటికీ తెలీదు. పదకొండేళ్ల కిందట ఊరి చారిత్రక కట్టడాల సంఘం ఆ మెట్లని రక్షిత జాబితాలో చేర్చి, పక్కనే ఇత్తడి ఫలకం బిగించింది. ఫలకం అడుగున చిన్న అక్షరాల్లో "ఆధారం: స్థానిక చరిత్రకారుడు డబ్ల్యూ. ట్రాస్క్" అని ఉంది. ఆ అక్షరాల్ని నేను వారానికి ఓసారి తుడిచేవాణ్ని. ఎందుకు దాచాలి, గర్వంగానే ఉండేది.

ఈ మార్చిలో హాలిస్ పడ్డాడు. ముప్ఫై ఏళ్లు మంచు గోడల మీద తిరిగిన మనిషి, పడింది మాత్రం తన ఇంటి కప్పు మీంచి. పారతో మంచు తోస్తూ, మంచుతో పాటు తనూ వచ్చేశాడు. మా ఊళ్లో సగం మంది అలాగే పడతారు, లేచి పార వెతుక్కుంటారు. హాలిస్ లేవలేదు. నడుం కింద కాళ్లు చచ్చుబడిపోయాయి.

అయిదు నెలలు మైదానంలో ఆసుపత్రిలో ఉంచారు. నేను ఫోన్ చేస్తే ఒకే మాట చెప్పేవాడు. "ఇక్కడ కొండలే లేవురా వెండెల్. ఎటు చూసినా ఆకాశమే. తల ఎక్కడ ఆనించాలో తెలీడం లేదు."

ఆగస్టు ఇరవైన ఆసుపత్రి నుంచి ఒకావిడ వచ్చి ఇల్లు చూస్తుందన్నారు. చక్రాల కుర్చీ లోపలికి వెళ్లే దారి ఉంటే హాలిస్‌ని ఇంటికి పంపుతారు. లేకపోతే ఆ మైదానంలోనే ఒక సంరక్షణ గృహంలో మంచం సిద్ధంగా ఉంది. ఇంటికి వెనక తలుపు తీస్తే కొండరాయి మొహానికి తగులుతుంది, పక్కన వాగు. ముందు నుంచే ర్యాంపు వెయ్యాలి. ముందు మెట్లున్నాయి. మెట్ల మీద డాండీ కాల్ ఉన్నాడు.

మార్వా పెట్టిన దరఖాస్తుని సంఘం తోసిపుచ్చింది. ఆ కాగితం పట్టుకుని ఆవిడ మా ఇంటికొచ్చింది, తలుపు కూడా కొట్టలేదు.

"చదువు."

చదివాను. చారిత్రక ఘటన జరిగిన మెట్లని కప్పడం గానీ తొలగించడం గానీ కుదరదని ఉంది. చక్కగా టైపు చేశారు.

"నీ దొంగని నా మెట్ల మీంచి లేపుతావా లేదా?" అంది మార్వా.

"లేపుతాను."

"ఎలా?"

"నిజం చెప్పేస్తాను."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "నీకు అలవాటు లేని పని. జాగ్రత్త" అంది.

గురువారం సంఘం సమావేశానికి ఇద్దరం వెళ్లాం. అధ్యక్షురాలు లినియా ఆస్ట్రమ్, గ్రంథాలయంలో పనిచేసి రిటైరైన మనిషి. చెడ్డది కాదు, అదే వచ్చిన చిక్కు. లంచానికి లొంగదు, మొహమాటానికి లొంగదు, చరిత్ర అంటే ప్రాణం. ఆవిడ ముందు ఇంత మందాన ఫైలు ఉంది.

"లినియా గారూ, డాండీ కాల్ అనేవాడు లేడండీ" అన్నాను.

"లేడు నిజమే. చనిపోయాడు కదా."

"అసలు పుట్టనే లేదు. నేను కల్పించాను."

గదిలో ఉన్న అయిదుగురు సభ్యులూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లినియా కళ్లజోడు సర్దుకుంది. "రుజువుందా?"

"దేనికండీ?"

"పుట్టలేదనడానికి."

పుట్టనివాడికి పుట్టలేదన్న కాగితం ఎవరిస్తారో నాకు తట్టలేదు. డెల్బర్ట్ కూడా సంఘంలో సభ్యుడే. వాడు చెయ్యెత్తాడు. "మా తాత కళ్లారా చూశాడు కాల్చడం. చర్చి గోపురం మీంచి."

"మీ తాత ఈ ఊరొచ్చింది పంతొమ్మిది వందల ఆరులో కదరా" అన్నాను.

"అంతకు ముందు ఓసారి చూసిపోడానికొచ్చాడు."

మార్వా లేచి నిలబడింది. "ఇదిగో వినండి. ఆ మెట్లు డెబ్భై నాలుగులో మా ఆయన వేశాడు. మేకులు ఆయన కొట్టాడు, చెక్క రెండో కొస నేను పట్టుకున్నాను. పద్దెనిమిది వందల తొంభై ఒకటిలో నేను పట్టుకోలేదు, అప్పటికి మా అమ్మమ్మే పుట్టలేదు."

లినియా ఫైల్లో కాగితాలు తిప్పింది. "పాత మెట్టు చెక్కనే తీసి మళ్లీ బిగించారని ఇక్కడుంది."

"ఎవరన్నారు?"

"ట్రాస్క్ గారే. రెండు వేల మూడులో."

అప్పుడు గుర్తొచ్చింది. వడ్రంగి పని తెలిసిన ఒక యాత్రికుడు చెక్క కొత్తదిలా ఉందే అని నిలదీస్తే, తప్పించుకోడానికి నోటికొచ్చింది అనేశాను. ఫైల్లో నలభై ఒక్క కాగితాలున్నాయి. ఒక్కొక్కటీ తీసి లినియా చదువుతుంటే, ప్రతిదాని అడుగునా నేనే ఉన్నాను. నా మాట పత్రిక రాసింది, పత్రిక రాసిందని పుస్తకం రాశారు, పుస్తకంలో ఉందని ఫలకం బిగించారు, ఫలకం మీద ఉందని నేను చెబుతున్నాను. ఇన్నేళ్లలో అంత చక్కగా అతికిన పని ఇంకోటి చెయ్యలేదు నేను.

చివరికి లినియా ఫైలు మూసింది. గొంతు మెత్తబడింది. "వెండెల్, స్నేహితుడి కోసం నలుగురి ముందూ నిలబడి ఇంత పెద్ద అబద్ధం చెప్పడానికి సిద్ధపడ్డావంటే, నిజంగా ముచ్చటేస్తోంది. హాలిస్ అదృష్టవంతుడు. కానీ మన జాలి కోసం చరిత్రని చెరపకూడదు."

అయిదుగురూ తిరస్కరించారు. వెళ్లేటప్పుడు ఒక సభ్యుడు నా భుజం తట్టాడు కూడా.

బయటికొచ్చాక మార్వా ట్రక్కు తలుపు దగ్గర ఆగి అంది. "బతుకులో ఒకే ఒక్క నిజం చెప్పావు. అది కూడా చెప్పడం రాలేదు నీకు." తర్వాత స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చింది. మార్వా ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు. కొరివితో తల గోక్కున్నవాణ్ని నేనైతే, కాలింది ఆవిడ ఇల్లు.

ఇంటికెళ్లి షెడ్డంతా తిరగేశాను. స్కీల వెనక, పాత పెయింటు డబ్బాల కింద దొరికాయి. తుప్పు పట్టాయి గానీ అవే. కుడిదానికి మడమ దగ్గర ముల్లు లేదు.

లినియాకి ఫోన్ చేశాను. "శనివారం పది గంటల నడకకి రండి."

"నీ నడకకా? నేనెప్పుడూ రాలేదే" అంది ఆవిడ, తనకే ఆశ్చర్యమేసినట్టు.

శనివారం తొమ్మిది మంది యాత్రికులొచ్చారు. వాళ్లలో ఒకాయన డెల్బర్ట్ చొక్కా వేసుకున్నాడు, తొమ్మిది చిల్లులతో. లినియా టోపీ పెట్టుకుని వెనక నిలబడింది. హాలిస్ ఇంటి ముందు ఆగాను. వరండాలో మార్వా చేతులు కట్టుకుని ఉంది.

"ఇక్కడ," అన్నాను, "ఎవరూ చావలేదు."

యాత్రికులు ఇంకా ఏదో ఉంటుందని ఎదురుచూశారు. నేను రోడ్డు అంచు మీద కూర్చుని, ఆగస్టు ఎండలో, బూట్ల కింద మంచు ముళ్లు కట్టుకున్నాను. పట్టీలు బిగించడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఎవరూ కదల్లేదు. తారు మీద కరకరమంటూ నడిచి, మొదటి మెట్టు దాటి, రెండో మెట్టు మీద కుడికాలు పెట్టాను.

తొమ్మిది ముళ్లూ తొమ్మిది చిల్లుల్లోకి దిగాయి. జనం ఇన్నేళ్లుగా వేళ్లు పెట్టి చూడటం వల్ల చిల్లులు కాస్త వెడల్పయ్యాయి గానీ, వరస అదే, ఎడం అదే. పదో ముల్లు ఉండాల్సిన చోట చెక్క నున్నగా ఉంది.

ఒహాయో నుంచి వచ్చినావిడ ముందు తేరుకుంది. "మరి వాన పడితే ఎరుపని పుస్తకంలో ఉందే?"

"అది హాలిస్ చెప్పిందండీ. నాకు సంబంధం లేదు."

చొక్కా ఆయన తన ఛాతీ వంక చూసుకున్నాడు. "నిన్ననే కొన్నాను" అన్నాడు.

లినియా జనాన్ని తప్పించుకుని ముందుకొచ్చింది. మోకాళ్ల మీద కూర్చుని కళ్లజోడు పెట్టుకుంది. "కాలు తియ్యి" అంది. తీశాను. "మళ్లీ పెట్టు." పెట్టాను. మూడుసార్లు తీయించి మూడుసార్లు పెట్టించింది. తర్వాత ఆ మెట్టు మీదే చతికిలబడింది.

"పదకొండేళ్లుగా" అంది, ఎవరితోనో తెలీకుండా, "ఈ మెట్టు దగ్గరికొచ్చినప్పుడల్లా గొంతు తగ్గించి మాట్లాడేదాన్ని."

సమావేశంలో అయిదుగురూ నమ్మనప్పుడు నాకు కోపమొచ్చింది. ఈ ఒక్క మాటకి సిగ్గేసింది. ఆవిడ ఎన్నడూ ఒక్క అబద్ధమైనా ఆడి ఉండదు, అలాంటి మనిషి చేత లేనివాడికి మౌనం పాటింపజేశాను. క్షమించమన్నాను. ఆవిడ క్షమిస్తాననలేదు, చెయ్యి అందిస్తే పట్టుకుని లేచింది.

సోమవారం అత్యవసర సమావేశం మూడు నిమిషాల్లో ముగిసింది. అనుమతిచ్చారు, రెండు షరతుల మీద. ర్యాంపుకి పాత కాలపు రంగుల పట్టికలోని తొమ్మిది రంగుల్లో ఒకటే వెయ్యాలి. నేను పత్రికలో నా పేరుతో తప్పు ఒప్పుకోవాలి. డెల్బర్ట్ ఒక్కడే వ్యతిరేకించాడు, వాడి దగ్గర ఇంకా మూడు వందల చొక్కాలున్నాయి. ఫలకాన్ని లినియా తన ఇంటి నుంచి తెచ్చిన స్క్రూడ్రైవరుతో తనే విప్పింది.

ఆ వారం నా నడకకి ఎవరూ రాలేదు. కాఫీ కొట్లో నేను కూర్చున్న బల్ల దగ్గర కుర్చీలు ఖాళీగా ఉండేవి. పోనీ, అందువల్ల రంపం పట్టుకోడానికి తీరిక దొరికింది. జీపులు తోలేవాళ్లు చెక్కలు తెచ్చారు, మంచు ఎక్కేవాళ్లు మరలు బిగించారు, నాతో మాట్లాడకుండానే నాకు సుత్తి అందించారు. గుమ్మం ఇరవై ఎనిమిది అంగుళాల ఎత్తులో ఉంది. అంగుళానికి అడుగు చొప్పున ఇరవై ఎనిమిది అడుగుల ర్యాంపు కావాలి, ముందున్న జాగా పదహారు అడుగులే. అందుకని మధ్యలో ఒక మలుపు వేశాం, కొండదారికి వేసినట్టు. ఇరవయ్యో తేదీన ఆసుపత్రి నుంచి వచ్చినావిడ వాలు కొలిచి, ఏదో రాసుకుని, రంగు బావుందంది.

ఇరవై నాలుగున హాలిస్ వచ్చాడు. వ్యాను వెనక తలుపు తెరిచి అతన్ని కిందికి దించారు. సగమయ్యాడు మనిషి. ముందు కొండల వంక చూశాడు, నాలుగు వైపులా, మెడ తిప్పుకుంటూ, లెక్క సరిపోయిందో లేదో చూసుకుంటున్నట్టు. తర్వాత ర్యాంపు వంక చూశాడు.

"చెప్పేశావటగా" అన్నాడు నాతో.

"చెప్పేశాను."

"అంతా?"

"అంతా."

"ఎరుపు సంగతి నాదని కూడా?"

"అదీ చెప్పాను."

"మంచిది. అది నాదే." ర్యాంపు వైపు గడ్డం చూపించాడు. "ఎత్తెంత?"

"ఇరవై ఎనిమిది అంగుళాలు."

"మలుపు పెట్టారే. బావుంది." జేబులోంచి తోలు తొడుగులు తీసి చేతులకి వేసుకున్నాడు. "ఎవరూ చెయ్యి వెయ్యద్దు."

ఎవరూ వెయ్యలేదు. పదిహేను మందిమి ఉన్నాం, లినియాతో సహా. మా వైపు మంచు ఎక్కేటప్పుడు ఒక పద్ధతుంది. పైనున్నవాడు తాడు పట్టుకుంటాడు గానీ, కిందివాడు అడిగేదాకా బిగించడు. అడగకుండా బిగిస్తే అవమానించినట్టే. నీకు చాతకాదన్నట్టు. "తాడు బిగించు" అని కిందివాడు అరవాలి. ఆ మాట హాలిస్‌తో నేను కొన్ని వందలసార్లు అన్నాను. ముప్ఫై ఏళ్లలో హాలిస్ నాతో ఒక్కసారి కూడా అనలేదు. భుజం కీలు తప్పిన రోజున కూడా అనలేదు, ఒంటిచేత్తో పైకొచ్చి, ఏమన్నా తినడానికుందా అని అడిగాడు.

అందుకని అందరం జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడ్డాం. మొదటి వాలు హాలిస్ నెమ్మదిగా ఎక్కాడు, చక్రాల్ని కొంచెం కొంచెం తోస్తూ. మలుపు దగ్గర ఆగి నీళ్లు తాగాడు. రెండో వాలులో సగం దూరం వెళ్లాక చేతులు వణకడం మొదలైంది. చక్రాలు ఓ బెత్తెడు వెనక్కి జారాయి. పట్టి ఆపాడు. మళ్లీ తోశాడు, మళ్లీ జారాయి. మెడ నరాలు ఉబ్బాయి. మార్వా గుమ్మంలో నిలబడి నా వంక చూసింది. నేను కొండల వంక చూశాను. ఆవిడకీ తెలుసు పద్ధతి, పెదవి కొరుక్కుంటూ ఊరుకుంది. వ్యాను డ్రైవరు ఒక్కడే ముందుకు రాబోతే, ఎవరో చొక్కా పట్టుకుని ఆపారు.

"వెండెల్" అన్నాడు హాలిస్. తల తిప్పలేదు.

"ఆఁ."

"తాడు బిగించు."

గట్టిగా కూడా అనలేదు, నాకు మాత్రమే వినబడేట్టు అన్నాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నెపం ఎత్తు మీదికీ గాలి మీదికీ నెట్టేవాణ్నే, కానీ ఈ మధ్యే అబద్ధాలు మానేశాను. వెళ్లి కుర్చీ వెనక రెండు చేతులూ వేశాను. తొయ్యలేదు. తాడు బిగించడమంటే లాగడం కాదు, పడనివ్వకపోవడం. జారకుండా పట్టుకుని నిలబడ్డాను. ఎక్కింది హాలిసే.

"ఈగలన్నీ లోపలికొచ్చేస్తున్నాయి, ఎంతసేపు తెరిచి పెట్టాలి ఈ తలుపు?" అంది మార్వా.

కుర్చీ గుమ్మం దాటింది. వదలమని హాలిస్ చెప్పలేదు. వంటింట్లో బల్ల దాకా అలా పట్టుకునే వెళ్లాను.